నెల్లూరు ఎంపీ గారికి బహిరంగ లేఖ: అంగన్‌వాడీలపై ఈ ప్రశ్నలు అడగండి

గౌరవనీయులైన ఎంపీ గారికి నమస్కారం.

వచ్చే పార్లమెంటు సమావేశాల్లో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలమైన మా గురించి నక్షత్ర గుర్తు ప్రశ్నే వేయండి. దానికి మంత్రి సభలో నిలబడి జవాబు చెప్పాలి, మీరు అనుబంధ ప్రశ్నలూ అడగొచ్చు. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వక జవాబుతో సరిపెడతారు. నోటీసుకు 15 రోజుల గడువు కావాలి, ఆలస్యం చేయకండి.

"అంగన్‌వాడీ కేంద్రాలెన్ని?" అంటే దేశం మొత్తం లెక్క చేతిలో పెడతారు. ఉదయగిరి మెట్ట నుంచి కావలి తీరం దాకా ప్రాజెక్టుల (కొన్ని కేంద్రాలను కలిపిన విభాగాల) వారీగా మంజూరైన పోస్టులెన్ని, ఆరు నెలలు దాటి ఖాళీగా ఉన్నవెన్ని అని విడదీసి అడగండి. పక్క ఊరి కార్యకర్తకు ఇన్‌చార్జి ఇస్తే కాగితం మీద రెండు కేంద్రాలూ నడుస్తున్నట్టే ఉంటాయి.

ఖాళీల దెబ్బ పిల్లల ఎదుగుదల లెక్కల మీదా పడుతుంది. రెండేళ్లలోపు బిడ్డ పొడవు పడుకోబెట్టి కొలవాలి. ఒకరు తలను పలకకు ఆనించి పట్టుకోవాలి, ఇంకొకరు మోకాళ్లు మెల్లగా అదిమి పాదాలు నిటారుగా ఉంచాలి. ఒక్కరే ఉండి నిలబెట్టి కొలిస్తే సుమారు 0.7 సెంటీమీటరు తక్కువ వస్తుంది. బాగా ఎదుగుతున్న బిడ్డ కూడా మేం వివరాలు ఎక్కించే ప్రభుత్వ యాప్ పోషణ్ ట్రాకర్‌లో గిడసబారినట్టు నమోదు కావచ్చు.

వేతనం సంగతి. కేంద్ర ప్రభుత్వం 2018లో కార్యకర్తకు నెలకు 4,500, ఆయాకు 2,250 రూపాయలు నిర్ణయించింది. ధరలు అప్పటివి కావు. మాకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. అందులో కేంద్ర ప్రభుత్వ వాటా ఎంతో అనుబంధ ప్రశ్నగా అడగండి.

జవాబు చాలకపోతే విద్య, మహిళా, శిశు, యువజన, క్రీడా వ్యవహారాల పార్లమెంటు స్థాయీ సంఘానికి రాయండి. మా శాఖ గ్రాంట్లను పరిశీలించేది, అధికారులను పిలిచి అడగగలిగేది ఆ సంఘమే.

ఇట్లు,
నెల్లూరు జిల్లా అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు