షట్టరు దించి కుంపటి పెట్టకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ధనుర్మాసం వచ్చిందంటే మన జిల్లాలో పెరటి రేకుల షెడ్లలో, ఇంటి ముందు షట్టరు గదుల్లో పని చేసుకునేవాళ్లు షట్టరు దించేసి లోపల బొగ్గుల కుంపటి పెట్టుకుంటారు. వడ్రంగులు, మోటారు వైండింగ్ వాళ్లు, బైకు మెకానిక్కులు, నేతపని వాళ్లు అందరిదీ ఇదే అలవాటు. పెద్దపండగ ముందు ఆర్డర్లు ఎక్కువ కాబట్టి రాత్రి పది దాటినా పని ఆగదు. "పొగ రావడం లేదుగా, బొగ్గులు బాగా రాజుకున్నాయి" అన్న ధీమా ఒకటి. ప్రమాదమంతా ఆ ధీమాలోనే ఉంది.

పొగ వస్తే కళ్లు మండి మనిషి తానే బయటికి పోతాడు. కణకణలాడే నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత వికారం, ఆపైన మగత. నిద్ర చాలక అలా ఉందనుకుని అక్కడే నడుం వాలుస్తారు, ఇక లేవరు. పక్కన గిన్నెడు నీళ్లు పెడితే గ్యాసును లాగేస్తాయని కొందరి నమ్మకం. ఆ గ్యాసు నీళ్లలో దాదాపు కరగదు, ఆ గిన్నె వల్ల ఉపయోగం లేదు. కరోనా రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్‌ను కూడా ఇక్కడ నమ్మకూడదు. విషం ఎక్కిన రక్తాన్ని అది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కగట్టి 98 అని చూపిస్తుంది. మనిషిని వెంటనే బయటి గాలిలోకి తెచ్చి 108కి ఫోన్ చేయాలి, మూసిన గదిలో కుంపటి ఉందన్న మాట అప్పుడే చెప్పాలి. షెడ్డులో జనరేటరు గానీ బండి ఇంజను గానీ నడిపినా వచ్చేది ఇదే గ్యాసు.

ఊక పొయ్యి, పొట్టు పొయ్యి సంగతీ అంతే. పలాస వైపు దొరికే జీడితొక్కల జోలికి అసలు పోవద్దు. తొక్కలో ఉండే నూనె ఒంటికి తగిలితేనే బొబ్బలెక్కుతుంది, దాని పొగ గొంతులోకి పోతే ఇంకేం చెప్పాలి. గ్యాసు స్టవ్ వెలిగిస్తే శుభ్రంగా మండుతుంది కదా అంటారు. కిలో ఎల్‌పీజీ మండితే కిలోన్నర పైనే నీటి ఆవిరి పుడుతుంది. రాత్రి చల్లబడిన రేకుకు అది చెమటలా పట్టి పనిముట్ల మీద బొట్లుబొట్లుగా రాలుతుంది. ఉలి, బాడిస తెల్లారేసరికి తుప్పెక్కడానికి అది చాలు.

అసలు మన చలికి గది మొత్తాన్ని కాచాల్సిన పనే లేదు. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తున్న రేకుల షెడ్డును తీసుకుందాం. బయటికంటే ఎనిమిది డిగ్రీలు వెచ్చగా ఉండాలంటే పైరేకు ఒక్కటే సుమారు 500 వాట్ల వేడిని బయటికి వదిలేస్తుంది. షట్టరు కింద, రేకు వంపులకూ గోడకూ మధ్య సందుల్లోంచి గంటకు పదిసార్లు గాలి మారితే ఆ గాలి ఎత్తుకుపోయేది దాదాపు 800 వాట్లు. అంటే రేకు కంటే సందులే పెద్ద దొంగలు. వాటిని మూసి గాలి మారడాన్ని గంటకు రెండు మూడుసార్లకు తెస్తే ఆ నష్టం 200 వాట్ల దగ్గరికి దిగుతుంది. దీనికి ఖర్చు పెద్దగా లేదు. షట్టరు అడుగు పట్టీకి పాత టైరు ట్యూబు చీల్చి బిగించాలి, గోడ మీది వంపుల సందుల్ని సిమెంటుతో మెత్తాలి. రేకు కింద నాలుగంగుళాల ఖాళీ వదిలి సిమెంటు బోర్డు సీలింగు వేస్తే వేసవిలోనూ పనికొస్తుంది. థర్మోకోల్ మాత్రం వద్దు, అంటుకుంటే కరిగి మండుతూ నెత్తిన పడుతుంది. అన్నట్టు, ఇలా సందులు మూసిన గదిలో వార్నిష్, థిన్నర్, పెయింట్ పని పెట్టుకోకూడదు. ఆ పని ఉన్నరోజు షట్టరు ఎత్తి, హీటరు కట్టేసి చేసుకోవాల్సిందే.

సందులు మూశాక గదిని వదిలేసి మనిషిని కాచుకోవాలి. 400 వాట్ల క్వార్ట్జ్ రాడ్డు హీటరు మూడడుగుల దూరం నుంచి ఒంటికి, చేతులకు తగిలితే చాలు, మూడు గంటలకు ఒక యూనిట్ పైన కొద్దిగా కాలుతుంది. గదంతా వెచ్చబడాలని 2000 వాట్ల బ్లోయరు పెడితే అదే సమయానికి ఆరు యూనిట్లు. సిమెంటు నేల కాళ్లలోంచి వేడిని లాగేస్తుంది కాబట్టి కింద చెక్క పలక, దాని మీద గోనెపట్టా వేసుకుంటే సగం చలి పోతుంది. గుంట మగ్గం గుంటలో అయినా అంతే. నూలు దుమ్ము నిప్పురవ్వకే అంటుకుంటుంది కాబట్టి మగ్గం గదిలో ఎర్రబడే రాడ్డు వద్దు, ఆయిల్ నింపిన రేడియేటరు మేలు. బండ్లు పెట్టే షెడ్డులో ఏ హీటరునూ నేల మీద పెట్టకండి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, నేలబారున పాకుతుంది. కనీసం అడుగున్నర ఎత్తున గోడకు బిగించాలి, పెట్రోలు డబ్బా బయటే ఉండాలి.

ఇక వైరింగు. 2000 వాట్లంటే 230 వోల్టుల మీద 8.7 ఆంపియర్లు. మన ఇళ్లలో బల్బుకూ ఫ్యానుకూ వేసిన చిన్న సాకెట్టు ఆ బరువు మోయలేదు. 16 ఆంపియర్ల సాకెట్టు, మీటరు బోర్డు నుంచి దానికే ప్రత్యేకంగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట పడిపోయే స్విచ్చు), ఎర్తు, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చు) ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలు వద్దు. షెడ్లు కాలేది హీటరు వల్లే కాదు, ప్లగ్గు వల్ల కూడా. పిన్ను వదులై అక్కడ 0.1 ఓమ్ అడ్డు వచ్చినా ఏడున్నర వాట్ల వేడి ఒక్క చుక్క చోట పుడుతుంది. పాతిక వాట్ల సోల్డరింగ్ ఐరన్‌లో మూడోవంతు వేడి ప్లాస్టిక్ లోపల దాక్కున్నట్టు. కరెంటు పెరగలేదు కాబట్టి ఎంసీబీ పడదు. సాకెట్టు రంధ్రం చుట్టూ ముందు గోధుమరంగు మచ్చ కనిపిస్తుంది, తర్వాత చేప నీచులాంటి వాసన వస్తుంది. ఆ వాసన వస్తే ప్లగ్గు పట్టుకుని లాగొద్దు, మెయిన్ ఆపండి. హీటరు పెట్టిన పావుగంటకు ప్లగ్గు మీద వేలి వెనకభాగం ఆనించి చూడటం అలవాటు చేసుకోవాలి. గోరువెచ్చగా ఉంటే సరే, వేలు ఆనకపోతే సాకెట్టు మార్చాలి.

తలుపు పక్కనే, హీటరుకు దూరంగా, నిప్పు ఆర్పే ఏబీసీ పౌడరు సిలిండరు ఒకటి, బకెట్టు ఇసుక ఉంచుకోవాలి. నిప్పంటుకుంటే 101.

అగ్నిమాపక వారోత్సవాలు ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు జరుగుతాయి. ఎండాకాలపు అగ్నిప్రమాదాలకు అవి సరిపోతాయి గానీ, కుంపటి మాట వినిపించేసరికి చలి వెళ్లిపోయి మూడు నెలలవుతుంది. విజయనగరం, శ్రీకాకుళం అగ్నిమాపక అధికారులు ధనుర్మాసానికి ముందే ఒక రోజు కేటాయించి పొందూరు, బొబ్బిలి, రాజాం, చీపురుపల్లి లాంటి చోట్ల ఇంటి షెడ్ల వాళ్లకు ఈ విషయాలు చూపించి చెప్పాలని కోరుతున్నాం. ఐటీఐ ఎలక్ట్రీషియన్ విద్యార్థుల్ని వెంట తీసుకొస్తే సాకెట్లు, ఎర్తు అక్కడికక్కడే పరీక్షించవచ్చు.

ఇట్లు,
వడ్రంగం, వైరింగు పనివాళ్లం,
చీపురుపల్లి, విజయనగరం జిల్లా