తుపాకీ పట్టని ఊళ్లకు ఏమిస్తారు? కేంద్ర హోం మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర హోం శాఖ మంత్రి అమిత్ షా గారికి,

నమస్కారం. నేను భద్రాచలం ఏజెన్సీలో కోయ కుటుంబంలో పుట్టి, ఇక్కడే పిల్లలకు చదువు చెప్పి రిటైర్ అయిన టీచర్ని. మావోయిస్టు ఉద్యమం ముగియడానికి 2026 మార్చి 31 అని మీరు గడువు పెట్టారు. ఆ గడువు దాటాక అడవిలోని ఊళ్లు ఎలా ఉండాలన్న దాని గురించి ఈ ఉత్తరం.

2025లో జరిగినవి చిన్న విషయాలు కావు. మే 21న ఛత్తీస్‌గఢ్‌లోని అబూజ్‌మడ్ అడవుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు చనిపోయారు. అక్టోబరులో ఆ పార్టీ అగ్రనేతలు మల్లోజుల వేణుగోపాలరావు మహారాష్ట్రలోని గడ్చిరోలిలో, తక్కళ్లపల్లి వాసుదేవరావు ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్‌లో తమ వాళ్లతో కలిసి ఆయుధాలు అప్పగించారు. నవంబరు 18న మారేడుమిల్లి అడవిలో మావోయిస్టు కమాండర్ మడావి హిడ్మా చనిపోయారు. వీరిలో మొదటి ముగ్గురూ తెలుగు నేల మీద పుట్టినవాళ్లే. ఈ యుద్ధం ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లింది కాబట్టి, అది ఎలా ముగియాలో చెప్పే బాధ్యత మాకూ ఉంది.

బలగాల భయం వల్ల ఫలితం వచ్చింది, కాదనను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1989లో మావోయిస్టులతో పోరాడే ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్ పుట్టింది. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో ప్రభుత్వానికీ మావోయిస్టులకూ చర్చలు జరిగాయి, కొద్ది నెలల్లోనే విఫలమయ్యాయి. ఆ తర్వాత కొన్నేళ్లకే మావోయిస్టు దళాలు ఇక్కడ నిలవలేక దండకారణ్యంలోకి సర్దుకున్నాయి. అందరూ గుర్తుపెట్టుకునేది ఇంతవరకే. లొంగిపోయినవాళ్లకు వాళ్ల తల మీదున్న రివార్డు సొమ్మును వాళ్ల చేతికే ఇచ్చే పద్ధతి కూడా ఇక్కడ నడిచింది. పట్టుబడితే ఏమవుతుందో, బయటికొస్తే ఏం దొరుకుతుందో రెండూ కళ్ల ముందు కనిపించాయి కాబట్టే చాలామంది ఇళ్లకు తిరిగొచ్చారు. మైదానంలో అప్పటికే దొరల పెత్తనం విరిగిపోయింది, పల్లెలకు రోడ్లు పడ్డాయి, కుర్రాళ్లు పట్నం బాట పట్టారు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో ఈ మార్పులేవీ రాలేదు.

మీ ప్రభుత్వం ఇస్తున్న సాయమంతా ఎక్కువగా తుపాకీ దించినవాళ్ల చుట్టూనే తిరుగుతోంది. వాళ్లకు ఇవ్వాల్సిందే, ఇంకా ఎక్కువ ఇచ్చినా తప్పు లేదు. కానీ అదే ఊళ్లో ఎన్నడూ తుపాకీ పట్టకుండా, రెండు వైపులా దెబ్బలు తింటూ బతికిన కుటుంబాల మాటేమిటి? వాళ్లు నలభై ఏళ్లుగా అడుగుతున్నది పోడు భూమికి పట్టా, తునికాకుకు (బీడీలు చుట్టే ఆకు) సరైన ధర, అడవి మీద హక్కు. ఇవేవీ కొత్త కోరికలు కావు.

ఆకు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1980ల మొదట్లో దళాలు ఆదిలాబాద్, గడ్చిరోలి, బస్తర్ అడవుల్లోకి అడుగుపెట్టినప్పుడు జనం నమ్మకం సంపాదించింది సిద్ధాంతంతో కాదు, తునికాకు రేటుతో. కాంట్రాక్టర్లు కట్టకు పైసల్లో లెక్కకట్టి ఇస్తున్న రోజులవి. అన్నలు వాళ్లను నిలదీసి రేటు పెంచారు. తర్వాత్తర్వాత అదే కాంట్రాక్టర్ల దగ్గర పార్టీ చందాలు వసూలు చేసిందన్నదీ నిజమే. అయినా మొదట రేటు పెంచింది ఎవరో ఊరు మరచిపోలేదు. ప్రభుత్వం చేయాల్సిన పని వాళ్లు చేశారు, ఆ ఖాళీలోనే కుదురుకున్నారు. ఇప్పుడు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఒక బస్తాకు 5,500 రూపాయలు ఇస్తోంది. బస్తా అంటే యాభై ఆకుల కట్టలు వెయ్యి. అంటే ఎండలో తిరిగి యాభై వేల ఆకులు కోసి, కట్టలు కట్టి, కల్లం దాకా మోసుకొస్తే వచ్చే సొమ్ము అది. 2024కు ముందు నాలుగు వేలే ఉండేది, పెంచినందుకు సంతోషం. కానీ డబ్బు సీజన్ ముగియక ముందే చేతికందాలి. ఊరు తన ఆకును తానే వేలం వేసుకునే హక్కు కూడా కాగితం దాటి రావాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారాలిచ్చిన 1996 నాటి పెసా చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తులను గ్రామసభ సొత్తుగానే చెప్పింది కదా.

ఇది జరిగే పనేనని చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. మల్లోజుల ఆయుధం అప్పగించిన గడ్చిరోలి జిల్లాలోనే మెండా లేఖా అనే ఊరుంది. 2009లో ఆ ఊరికి సామూహిక అటవీ హక్కు వచ్చింది. 2011లో తమ వెదురును తామే అమ్ముకునే అనుమతి చేతికొచ్చింది. యుద్ధం చుట్టూ నడుస్తుండగానే ఆ ఊరు ఇదంతా సాధించుకుంది.

ఇక భయం గురించి మీకు ఒక మాట చెప్పాలి. తప్పు చేసినవాడికీ చేయనివాడికీ ఒకే శిక్ష పడితే, తప్పు చేయకుండా ఉండటానికి ఎవరికైనా కారణం ఏముంటుంది? 2012లో బస్తర్‌లోని సర్కేగూడలో భద్రతా బలగాల కాల్పుల్లో పదిహేడు మంది చనిపోయారు. వాళ్లు మావోయిస్టులనడానికి ఆధారం లేదని న్యాయ విచారణ కమిషన్ నివేదిక ఇచ్చేసరికి 2019 వచ్చింది. 2017లో బుర్కాపాల్‌లో మావోయిస్టుల దాడిలో ఇరవై ఐదు మంది సీఆర్పీఎఫ్ జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. వాళ్ల కుటుంబాల దుఃఖం తక్కువది కాదు. ఆ కేసులో పట్టుకెళ్లిన 121 మంది ఆదివాసీలు నిర్దోషులని 2022లో కోర్టు తేల్చింది. ఐదేళ్లు జైల్లో గడిచాక! ఆ ఐదేళ్లలో ఎండిపోయిన పొలాలకు, చెల్లాచెదురైన ఇళ్లకు ఎవరు లెక్క చెప్పాలి? నేరం చేసినవాడికి కచ్చితంగా శిక్ష, చేయనివాడికి కచ్చితంగా రక్షణ. ఈ రెండోది లేకపోతే మొదటిదానికి విలువ ఉండదు.

ఛత్తీస్‌గఢ్‌లో నియద్ నెల్లనార్ పథకం కింద కొత్త బేస్ క్యాంపుల చుట్టుపక్కల ఊళ్లకు రేషన్, కరెంటు, రోడ్లు ఇస్తున్నారు. మంచిదే. మావోయిస్టులు లేరని ప్రకటించుకున్న ఊరికి కోటి రూపాయల పనులు ఇస్తామనే పథకం మాత్రం నాకు టెన్షన్ పెడుతోంది. ఊరంతా ఒక పక్షం చేరినట్టు పదిమంది ముందు చెప్పించడం ఎంత ప్రమాదమో ఇన్ఫార్మర్ల పేరుతో జరిగిన హత్యలు చూసినవాళ్లకు తెలుసు. బడి, ఆసుపత్రి, రేషన్ ఊరికి హక్కుగా రావాలి. అవి విధేయతకు ఇచ్చే బహుమతులు కాకూడదు.

మా మండలాల్లో మిరప కోతల కాలం వస్తే బస్తర్ నుంచి కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి. వాళ్లలో కొందరు తిరిగి వెళ్లరు. 2005లో ప్రభుత్వ అండతో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు కాలిపోయి వచ్చినవాళ్లు మా అడవుల్లోనే గుడిసెలు వేసుకున్నారు. మేం గొత్తికోయలంటాం. వాళ్లకు ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ దొరకదు, పోడుకు పట్టా రాదు, అక్కడికి తిరిగి వెళ్లాలంటే భయం. 2006 అటవీ హక్కుల చట్టంలోని సెక్షన్ 3(1)(ఎం) ప్రకారం, 2005 డిసెంబరు 13కు ముందు అన్యాయంగా అటవీ భూమి నుంచి వెళ్లగొట్టబడినవాళ్లకు పునరావాసం, ప్రత్యామ్నాయ భూమి ఇవ్వాలి. మొదటి విడతలో వచ్చిన చాలామందికి ఇది వర్తించాలి. రెండు రాష్ట్రాలనూ కూర్చోబెట్టి ఈ పని చేయించగలిగింది మీరే.

గనుల విషయం కూడా ఇందులోనే ఉంది. బైలదిల్లా ఇనుప ఖనిజం దశాబ్దాలుగా రైలెక్కి మా విశాఖకు వస్తోంది. 2019లో అక్కడి పదమూడో డిపాజిట్ మీద వేలమంది ఆదివాసీలు ధర్నాకు కూర్చున్నారు. గ్రామసభ తీర్మానం నకిలీదన్నది వాళ్ల ఆరోపణ. దళాలు పోయిన అడవిలోకి భూమి పట్టాల కంటే ముందు గనుల లీజులు వస్తే, ఇన్నాళ్లూ ఎవరి కోసం ఖాళీ చేయించారని ఊరు అడుగుతుంది.

కాబట్టి నా అభ్యర్థన ఇది. మీరు పార్టీకి గడువు పెట్టినట్టే ప్రభుత్వానికీ గడువు పెట్టండి. ప్రతి క్యాంపు పరిధిలోని ఊళ్లలో పెండింగ్‌లో ఉన్న అటవీ హక్కుల దరఖాస్తులు ఎన్ని, ఏ తేదీకి తేలుస్తారు, జైళ్లలో విచారణ ఖైదీలుగా ఉన్న ఆదివాసీల కేసులు ఎప్పటికి సమీక్షిస్తారు, ఈ వివరాలు ఊరి పేరుతో సహా గోండీలో, హిందీలో, తెలుగులో పంచాయతీ గోడల మీద రాయించండి. అవి తేలేవరకు ఆ ఊళ్ల పరిధిలో కొత్త గని లీజులు ఇవ్వకండి.

ఇట్లు,
భద్రాచలం ఏజెన్సీ నుంచి ఒక రిటైర్డ్ టీచర్