88 వోల్టుల బ్యాటరీ అంటే నమ్మి కొనబాకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో డ్రిల్లు, గ్రైండర్ లాంటి బ్యాటరీ మెషిన్ల గురించి వేసిన వ్యాసం చదివాను. బాగానే ఉంది కానీ చివర్లో ఇంక ప్లగ్గులో పెట్టి ఆడించే వైరు మెషిన్ల కాలం అయిపోయినట్టే రాసేశారు. అది చదివి మా కొర్లగుంటలో అప్పుడే ఇద్దరు కుర్రోళ్ళు ఈఎంఐలో బ్యాటరీ గ్రైండర్ తీసుకోవాలని వచ్చి అన్నా కొనేదా వద్దా అని నన్నడిగారు. అందుకే ఈ ఉత్తరం. ముందే చెప్తున్నా, నాది మెషిన్లు రిపేరు చేసే షాపు, మోటారులో అరిగిపోయే కార్బన్లు మార్చి, ఆర్మేచర్లు అంటే లోపల తిరిగే తీగచుట్టలు చుట్టించి బతికేవాణ్ణి, కాబట్టి వీడు వైరు మెషిన్ల పక్కే మాట్లాడతాడులే అని ఎవరికైనా అనిపిస్తే అనిపించనీండి, లెక్క మాత్రం చూడండి.

నాలుగు అంగుళాల గ్రైండర్ ఉంది కదా, మనోళ్ళు కటింగ్ మెషిన్ అనేది, వైరుదైతే మామూలుగా 850 వాట్లు ఉంటాది. బ్యాటరీదానికి 18 వోల్టులు, 5 యాంపియర్ అవర్ (బ్యాటరీలో పట్టే కరెంటు లెక్క) బ్యాటరీ వేశారనుకోండి, అది చిన్నదేం కాదు. 18ని 5తో గుణిస్తే 90, అంటే 90 వాట్ అవర్. 90 వాట్ల పని ఒక గంట చేస్తాది, అదే 850 వాట్ల పని పెడితే ఆరు నిమిషాల చిల్లర. బ్రష్‌లెస్ మోటారు, అంటే కార్బన్లు లేనిది, కరెంటు తక్కువ వృథా చేస్తాది, మనం కూడా అస్తమానం ఒత్తిపట్టి కొయ్యం, సరే పావుగంట అనుకుందాం. గ్రిల్లులు, గేట్లు చేసే వెల్డింగ్ షాపులో పావుగంటకొకసారి బ్యాటరీ మార్చుకుంటా కూచుంటే పని ఎప్పటికి తెమిలేను? మూడు నాలుగు బ్యాటరీలు ఉంటే నడుస్తాది, కానీ ఒక్కో బ్యాటరీ ధర ఎంతో షాపులో అడిగి చూడండి, మెషిన్ ధరలో సగం దాకా పోతాది. పైగా ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మెషిన్‌కి ఎక్కదు, ఒకసారి కొన్నామంటే ఇంక ఆ కంపెనీతోనే మన సంసారం.

అదే ఫాల్స్ సీలింగ్ వాళ్ళు, మాడ్యులర్ కిచెన్ బిగించేవాళ్ళు, స్విచ్ బోర్డులు పెట్టే ఎలక్ట్రీషియన్లు, వీళ్ళకి నేనే చెప్తా బ్యాటరీ డ్రిల్లే తీసుకో నాయనా అని. స్క్రూ బిగించడం రెండు మూడు సెకన్ల పని, 2 యాంపియర్ అవర్ చిన్న బ్యాటరీతోనే జిప్సం బోర్డుకి వందల స్క్రూలు కొట్టేయచ్చు, నిచ్చెన మీద నిలబడినప్పుడు కాళ్ళకింద వైరు లాగుతా ఉండదు. మేడమీద సోలార్ ప్యానెళ్ళు బిగించేవాళ్ళకి కూడా అంతే. వైరు మెషిన్ ఎంత మంచిదైనా ఆ పనికి దండగ.

మామిడి తోటల సంగతి ఇంకా బాగా తెలుస్తాది. దామలచెరువు వైపు రైతులు కాపు అయిపోయాక కొమ్మలు కత్తిరించడానికి చేతిలో పట్టే చిన్న బ్యాటరీ రంపాలు తెగ కొంటా ఉన్నారు. అది సరైన పనే, తోటలో ప్లగ్గు యాడుంటాది? బోరు మోటారుకి పగలు 9 గంటలు త్రీఫేజ్ కరెంటు వస్తాది కదా అని స్టార్టర్ డబ్బాలోంచి రెండు వైర్లు లాగి తడి నేలమీద పరిచి మెషిన్ ఆడించేవాళ్ళని చూశాను, దానికంటే బ్యాటరీ వెయ్యి రెట్లు మేలు. మణికట్టు లావు కొమ్మల దాకా ఆ చిన్న రంపం సుఖంగా కోస్తాది. మాను కొయ్యాలంటే మాత్రం పెట్రోల్ మెషినే.

అసలు నా బాధ ఏందంటే ఆ రంపాల మీద, బోల్టులు విప్పే గన్నుల మీద వేసే నంబర్లు. ఫోన్లో యాడ్ చూస్తే 48 వోల్టులు, 88 వోల్టులు, 128 వోల్టులు అంట! నా దగ్గరికి రిపేరుకి వచ్చిన 88 వోల్టుల బ్యాటరీ విప్పి చూస్తే లోపల వరసగా కలిపిన లిథియం సెల్లు ఐదే ఉన్నాయి. ఒక్కో సెల్లు 3.6 వోల్టులు, ఐదూ కలిస్తే 18. ఫుల్లు ఛార్జిలో సెల్లు 4.2 దాకా పోతాది కాబట్టి మీటరు పెడితే 21 చూపిస్తాది, అంతకు మించి రాదు. మరి 88 యాడ్నించి వచ్చింది? పక్కన చిన్న అక్షరాల్లో వీఎఫ్ అని ఏదో ఉంటాది, అది ఏందో అమ్మినోడికీ తెలీదు, కొన్నోడికీ తెలీదు. టైరు సైజు చూపించి బండి మైలేజీ చెప్పినట్టు ఉంది యవ్వారం. కంపెనీ బ్యాటరీ తిప్పి చూడండి, వోల్టులు, యాంపియర్ అవర్, వాట్ అవర్ మూడూ అచ్చువేసి ఉంటాయి. రేణిగుంట ఎయిర్‌పోర్టులో కూడా విడి బ్యాటరీకి చూసేది ఆ వాట్ అవరే, 100 లోపు ఉంటే చేతి బ్యాగులో పెట్టుకోవచ్చు. ఆ మూడో నంబరు లేని బ్యాటరీ ఎంత చవకైనా నేనైతే ముట్టుకోను.

అమెరికా నుంచి పిల్లోళ్ళు తెచ్చే కిట్ల గురించి కూడా ఒక మాట. అక్కడ 20 వోల్ట్ మ్యాక్స్ అని రాసుంటాది, ఇక్కడి 18 కంటే గొప్పదని మురిసిపోతారు, లోపల అవే ఐదు సెల్లు, అక్కడోళ్ళు ఇంచుమించు ఫుల్లు ఛార్జి లెక్క రాస్తారు, ఇక్కడోళ్ళు మామూలు లెక్క రాస్తారు, అంతే తేడా. కానీ దాంతో వచ్చే ఛార్జరు 120 వోల్టులది, మన 230 ప్లగ్గులో పెడితే టప్ మని పోతాది. ఛార్జరు వెనక ఇన్‌పుట్ ఎంతో చదివి పెట్టండి స్వామీ. అక్కడి వైరు మెషిన్ అయితే మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఇక్కడ పనికే రాదు.

ఎండ సంగతి మీ వ్యాసంలో ఎవరూ ఎత్తలేదు. మన తిరుపతిలో మే నెల వస్తే 40 డిగ్రీలు దాటుతాది, స్లాబు మీద ఎండలో పడేసిన బ్యాటరీ ఇంకా ఎక్కువ కాగుతాది. లిథియం బ్యాటరీ అంత వేడిమీద ఛార్జి ఎక్కించుకోదు, మంచి ఛార్జరు అయితే లైటు మిణుకుమిణుకుమంటా చల్లారే దాకా ఆగుతాది. అది చూసి ఛార్జరు కాలిపోయిందని నా దగ్గరికి తెస్తారు, నేను నీడలో పెట్టి టీ తాగొచ్చేసరికి ఎక్కుతా ఉంటాది. ఛార్జింగ్ ఆపే తెలివి లేని చవక ఛార్జరు మాత్రం వేడిమీదే కుక్కతాది, ఆ బ్యాటరీ తొందరగా చస్తాది. ఎండకాలం స్కూటర్ డిక్కీలో వదిలేసినా అంతే.

వైరు మెషిన్లకి తప్పులు లేవని కాదు. నా దగ్గరికొచ్చే కాలిన ఆర్మేచర్లలో చానా వాటికి కారణం మెషిన్ కాదు, జంక్షన్ బాక్సు. ఫ్యాన్లకి వేసే సన్న వైరు చుట్టలు చుట్టలుగా లాక్కొచ్చి దానిమీద 1400 వాట్ల మార్బుల్ కట్టర్ ఆడిస్తారు, వోల్టేజీ పడిపోతాది, మెషిన్ స్పీడు తగ్గుతాది, దాని ఫ్యాను కూడా నెమ్మదిస్తాది, తెగలేదని మేస్త్రీ ఇంకా ఒత్తుతాడు, లోపల కాలిపోతాది. గ్రానైటు నీళ్ళు పోసి కోసేవాళ్ళు 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చి) లేని లైన్లో పని చెయ్యబాకండి, షాక్ కొడితే రెండో ఛాన్సు ఉండదు. ఇవి చూసుకుంటే వైరు మెషిన్ కార్బన్లు మార్చుకుంటా ఏళ్ళ తరబడి ఆడతాది. బ్యాటరీ అలా కాదు, వాడకుండా బీరువాలో పెట్టినా లోపల వయసైపోతా ఉంటాది. అందుకే ఏడాదికి రెండుసార్లు గోడకి బొక్క వేసుకునే ఇంటాయనకి కూడా నేను వైరు డ్రిల్లే చెప్తా, మీవాళ్ళు ఇంటికి బ్యాటరీదే మేలని రాశారు, నేను ఒప్పుకోను.

ఇంతకీ బ్యాటరీ డ్రిల్ అనేది నిన్నామొన్నటిది కాదు, 1961లోనే బ్లాక్ అండ్ డెక్కర్ వాళ్ళు తెచ్చారు. అరవై ఏళ్ళు దాటినా వైరు పోలేదు, దేనికి తగ్గ పని దానికుంది. ఆ ఇద్దరు కుర్రోళ్ళలో ఒకడిది గ్రిల్లు పని, వాడికి వైరు గ్రైండరే తీసుకోమన్నా. రెండోవాడు ఏసీలు బిగిస్తాడు, గోడ బయట వేలాడతా పని, వాడికి గోడకి బొక్కలు కొట్టే బ్యాటరీ హ్యామర్ డ్రిల్ తీసుకోమన్నా, రెండు బ్యాటరీలున్న సెట్టే తీసుకో అని కూడా చెప్పి పంపించా.

మీకు రెండు విన్నపాలు. ఇంకోసారి మెషిన్ల గురించి రాసేటప్పుడు వోల్టుల పక్కన వాట్ అవర్ కూడా వెయ్యండి, 88 వోల్టుల యాడ్ చూసి మోసపోయినవాళ్ళకి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు ఉందని ఒక ముక్క రాయండి. రెండోది, చచ్చిన బ్యాటరీలు. 2022 బ్యాటరీ వ్యర్థాల రూల్స్ ప్రకారం వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసిన, దిగుమతి చేసుకున్న కంపెనీలదే. అదే ఏడాది మన తిరుపతిలోనే లిథియం సెల్లుల ఫ్యాక్టరీలో ట్రయల్‌గా తయారీ మొదలైంది, అయినా ఉబ్బిపోయిన బ్యాటరీ యాడ ఇవ్వాలో ఈ ఊర్లో ఏ షాపులో అడిగినా మాకు తెలీదంటారు, నా దగ్గరే ఒక ఇసుక బకెట్ నిండా పోగయ్యాయి. చెత్తబండిలో వెయ్యలేను, నిప్పంటుకుంటాది. మీ రిపోర్టర్ ఎవరైనా ఆ కంపెనీల డీలర్లని అడిగి యాడ తీసుకుంటారో అడ్రసు వేస్తే, బకెట్ నేనే మోసుకొని పోయి ఇచ్చొస్తా.

ఇట్లు,
మెషిన్ల రిపేరు షాపాయన,
కొర్లగుంట, తిరుపతి