దీపపు ఎరలకు టైమర్లు బిగించండి

సంపాదకుడు గారికి,

వంశధార ఎడమ కాలువ కింద మా ఊళ్లో దోమపోటుకు, అంటే వరి రసం పీల్చే సుడిదోమకు భయపడి చాలామంది వరి రైతులు పురుగులను వెలుగుతో రప్పించి చంపే సోలార్ దీపపు ఎరలు పెట్టుకున్నారు. మందుల ఖర్చు కొంతైనా తగ్గుతుంది, మంచిదే. కానీ సబ్సిడీ మీద మాకు అందిన వాటికి టైమర్ లేదు. ఎప్పుడు ఆపాలో చెప్పే కాగితం ముక్కా లేదు. చీకటి పడగానే వెలిగి తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటాయి.

పొద్దున్నే ఎర కింద పళ్లెంలోని కిరోసిన్ నీళ్లను పుల్లతో కదిపి చూడండి. రెక్కకో నల్ల చుక్క ఉన్న పసుపు రెక్కల పురుగులు కనిపిస్తాయి, అవి కాండం తొలిచే పురుగు తల్లులు. గోధుమ రంగు సుడిదోమా ఉంటుంది. వాటి మధ్యే బియ్యపు గింజలో సగమంత ఉండే పచ్చటి మిరిడ్ నల్లులు తేలుతుంటాయి. సుడిదోమ ఆకు తొడుగుల్లో పెట్టే గుడ్లను పీల్చేసేది ఈ నల్లులే. వీటిని కూడా మనమే చంపుకుంటున్నాం.

ఇది దీపం తప్పు కాదు, పురుగు కన్ను అలా ఉంటుంది. ఆ కన్ను వందల చిన్న కళ్ల కూర్పు. పళ్ల ఈగకైతే ఒక్కో కంటిలో 800 దాకా ఉంటాయి, ప్రతి చిన్న కంటిలో కాంతిని పట్టే కణాలు 8. వాటిలో ఏడోది అతినీలలోహిత (ఊదాకు అవతల ఉండే, మనకు కనిపించని) కాంతి కోసమే. ఆ కణానికి ఒక పక్కన దువ్వెన పళ్లలా సన్నటి పోగులుంటాయి, వాటి పొరలో రోడాప్సిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. ఆ ప్రొటీన్ లోపల విటమిన్ ఎ జాతికి చెందిన చిన్న అణువు వంగి ఉంటుంది. అతినీలలోహిత కాంతి తగిలితే అది నిటారుగా సాగుతుంది. వెంటనే కణం పొరలో దారులు తెరుచుకుని కాల్షియం, సోడియం లోపలికి వస్తాయి, మెదడుకు సంకేతం వెళ్తుంది. ఇలాంటి కణాలు చాలా పురుగులకు ఉన్నాయి, పంటకు మేలు చేసేవాటికీ కీడు చేసేవాటికీ కూడా.

ఎర ట్యూబు ఇచ్చేది ఎక్కువగా ఈ అతినీలలోహిత కాంతే, మన కంటి లెన్సు దాన్ని చాలావరకు ఆపేస్తుంది. అందుకే ఆ ట్యూబు మనకు మసక ఊదాగా కనిపించి, ‘ఇంత చిన్న దీపం రాత్రంతా ఉంటే ఏమవుతుందిలే’ అనిపిస్తుంది. పురుగులకు అది చాలా పెద్ద వెలుగు. వాటిని వేగవంతమైన కెమెరాలతో చిత్రించిన ఒక పరిశోధన 2024లో వచ్చింది. రాత్రి ఎగిరే పురుగులు వెలుగున్న వైపే ఆకాశం అన్నట్టు దీపానికి వీపు తిప్పుతాయని, దాంతో దారి తప్పి దాని చుట్టూనే తిరుగుతాయని అందులో తేలింది.

సాయంత్రం చీకటి పడ్డాక రెండు మూడు గంటలు వెలిగిస్తే చాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. పగలంతా పొలంలో ఉన్న రైతును రాత్రి పదింటికి మళ్లీ గట్టు మీదికి వెళ్లి స్విచ్ ఆపమంటే కుదిరే పనేనా? పాములూ, బురదా, చీకటీ. సబ్సిడీ మీద ఇచ్చే ప్రతి ఎరకూ టైమర్ తప్పనిసరి చేయాలి. ఇప్పటికే ఇచ్చిన వాటికి ఈ ఖరీఫ్‌లో సుడిదోమ ముదరక ముందే బిగించి ఇవ్వాలి. పళ్లెంలో పడే పురుగుల్లో ఏది మేలు చేసేదో, ఏది కీడు చేసేదో తెలిపే రంగు బొమ్మలను రైతు సేవా కేంద్రాల గోడల మీద అంటించాలని కూడా అధికారులను కోరుతున్నాను.

- ఒక వరి రైతు,
నరసన్నపేట మండలం, శ్రీకాకుళం జిల్లా