గోడ కట్టింది సినిమా వాళ్ళు కాదు

సంపాదకులకు నమస్కారం.

పక్కపక్క హాస్టళ్ళ పిల్లల ప్రేమ సినిమాని గోదావరి జిల్లాల్లో ఆపేయాలంటూ పది రోజుల కిందట మీ పత్రికలో ఒక పెద్దమనిషి లేఖ రాశారు. ఊరుకుందామనుకున్నాను, నావల్ల కాలేదు.

ఆ సినిమాకి పదో తరగతి చదివే నా మనవరాలిని నేనే తీసుకెళ్ళాను. పోస్టరు మీద యూఏ 13+ అని ఉంది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం సవరించి యూఏ సెన్సార్ సర్టిఫికెట్‌ని పిల్లల వయసును బట్టి 7+, 13+, 16+ అని విడగొట్టింది తల్లిదండ్రులు చూసుకుని నిర్ణయించుకోవడానికే. ఇంతకీ అందులో ఏముందని? కుర్రాడు గోడ మీంచి చీటీ విసిరితే వార్డెన్ మేడం చేతిలో పడుతుంది. హాల్లో అందరూ నవ్వారు. మా పిల్ల నవ్వలేదు. "మా స్కూల్లో అయితే టీసీ ఇచ్చేస్తారు తాతయ్యా" అంది.

నిజమే. అక్కడ నిరుడు ఎనిమిదో తరగతి ఆడపిల్ల ఒక అబ్బాయికి లెక్కల నోట్సు ఇచ్చిందని ప్రేయర్లో నిలబెట్టి నానా మాటలూ అన్నారు. తండ్రి రొయ్యల చెరువు దగ్గర్నుంచి బురద కాళ్ళతోనే వచ్చి పిల్లను తీసుకుపోయాడు. పిల్లల్ని మానసికంగా వేధించకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. తనిఖీకొచ్చే అధికారులు ఆఫీసు గది దాటి లోపలికి వెళ్ళి ఒక్క పిల్లనైనా పలకరించారా?

ముప్ఫై రెండేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో తెలుగు చెప్పాను. లంకల నుంచి పడవ దాటొచ్చే ఆడపిల్లలు, మగపిల్లలు ఒకే గదిలో చదువుకున్నారు. ఒకటి రెండు ప్రేమలేఖలు నా చేతికీ చిక్కాయి. పిలిచి మందలించి, చించేసి, అంతటితో వదిలేశాను. ఎవరి బతుకూ పాడవలేదు. ఇప్పుడు ఈ ప్రైవేటు హాస్టల్ స్కూళ్ళలో బాయ్స్ క్యాంపస్‌కీ గర్ల్స్ క్యాంపస్‌కీ మధ్య గాజుపెంకుల గోడ. ఆదివారమూ స్టడీ అవర్లే. ఇంటికి పది నిమిషాలు ఫోను, దానికీ క్యూ. ఆటస్థలం లేదు, లైబ్రరీ లేదు, 600కి ఎన్నొచ్చాయో ఊరంతా ఫ్లెక్సీలు మాత్రం ఉన్నాయి. లక్షలు కట్టే మనమూ అడగం.

1874లో కందుకూరి వీరేశలింగం గారు ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టిన నేల ఇది. నూటయాభై ఏళ్ళయినా పక్క బెంచీలో అబ్బాయి కూర్చుంటే పిల్ల చెడిపోతుందనుకుంటున్నామంటే నాకు సిగ్గేస్తోంది.

సినిమా మా ఊళ్ళో ఇంకా రెండాటలు ఆడుతోంది. లేఖ రాసినాయన తన పిల్లల్ని తీసుకుని వెళ్ళాలి. మీరూ ఒక విలేకరిని ఈ హాస్టళ్ళకు పంపండి. పగలు కాదు, రాత్రి పదింటికి, స్టడీ అవర్ నడుస్తుండగా పంపండి.

– విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, పాలకొల్లు