ఈసారి పలక వంగలేదు

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. పోయిన ఏడాది చేసిన టేబుల్ చలికాలం రాగానే మధ్యలో ఉబ్బి, ఒక అతుకు దగ్గర పగిలిందని ఫోన్‌లో చెప్పాను కదా. "చెక్క ఆరిందా?" అని అడిగారు మీరు. బాగా ఆరిందే. తప్పు మరోచోట జరిగింది. పాలిష్ పైవైపు మాత్రమే పూశాను. ఇంట్లో హీటర్ వేయగానే గాలి పొడిబారి, అడుగువైపు తొందరగా ఆరి ముడుచుకుంది. పైగా టేబుల్ పైపలకను చుట్టూ స్క్రూలతో చట్రానికి బిగించేశాను. కదలడానికి చోటు లేక చివరికి పగిలింది.

ఈసారి కొత్త టేబుల్‌కి తొందరపడలేదు. ఓక్ చెక్క పలకల మధ్య సన్నని పుల్లలు పెట్టి, గాలి ఆడేలా పేర్చి మూడు వారాలు గరాజ్‌లో ఉంచాను. తేమ కొలిచే మీటర్ పెడితే మొదట 11 శాతం చూపింది. 8కి దిగాకే చిత్రిక పట్టాను. అదీ ఒకేసారి కాదు. కావలసిన మందం కంటే కాస్త ఎక్కువగా ఉంచి వారం వదిలేస్తే, రెండు పలకలు మళ్ళీ కొంచెం వంపు తిరిగాయి. పైపొర తీసేసరికి లోపల బిగిసి ఉన్నది సడలుతుంది కాబోలు. ఆ తర్వాతే అసలు మందానికి తెచ్చాను.

పలక మెలి తిరిగిందో లేదో చూడటానికి రెండు చివర్లా రెండు తిన్నటి బద్దలు పెట్టి, కంటిమట్టానికి వంగి చూశాను. దూరంగా ఉన్న బద్ద కుడి చివర దగ్గరి బద్ద మీదుగా వెంట్రుకవాసి పైకి తేలింది. ఆ మూల మీద రెండుసార్లు చిత్రిక తోసి మళ్ళీ చూస్తే రెండు గీతలూ ఒక్కటయ్యాయి. ఎంత సంతోషమేసిందో!

పలకల అంచులు ఒకదానికొకటి ఆనించి దీపానికి ఎదురుగా పట్టి, సందులోంచి వెలుతురు రాకపోతేనే జిగురు పూశాను. జిగురు ఆరేదాకా బిగించి పట్టే క్లాంపులు ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి వేశాను. అన్నీ ఒకేవైపు వేస్తే బిగించేటప్పుడే పలక విల్లులా వంగుతుంది. పాలిష్ రెండువైపులా సమానంగా మూడు పూతలు. స్క్రూ రంధ్రాలు కోలగా, చెక్క పీచు గీతలకు అడ్డంగా తొలిచాను. చెక్క పెరిగేదీ తగ్గేదీ వెడల్పులోనే కదా, పొడుగులో దాదాపు ఏమీ ఉండదు.

మొన్న టేపు పెట్టి కొలిచాను. మూడడుగుల వెడల్పులో 4 మిల్లీమీటర్లు తగ్గింది, స్క్రూలు ఆ సందులోనే జరిగాయి. తిన్నటి బద్ద అడ్డంగా పెడితే కింద కాగితం కూడా దూరడం లేదు.

ఒక్కటి మాత్రం మిమ్మల్ని అడగాలి. ముడి ఉన్నచోట చిత్రిక పడితే పీచు లేస్తోంది. మీరు అక్కడ పనిముట్టును ఏటవాలుగా పట్టేవారని గుర్తు. ముడికి ఏ వైపునుంచి తోసేవారు? ఈసారి వీడియో కాల్‌లో చేతులతో చూపించండి. అమ్మకు నా నమస్కారాలు చెప్పండి.

మీ అబ్బాయి