ఈమ్ ఊరికి మళ్లీ వెళ్దాం, ఈసారి నిదానంగా

అందరికీ నమస్కారమండీ. పోయిన నెల మాంచెస్టర్ నుంచి నా వ్యాన్‌లో, ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో ఉన్న ఈమ్ ఊరి ట్రిప్‌కి వచ్చిన వాళ్లకి ముందుగా క్షమాపణ. తప్పు పూర్తిగా నాదే.

దగ్గర్లోని బేక్‌వెల్ అనే ఊళ్లో సోమవారం సంత జరుగుతుంది కదా, అది కూడా చూపిద్దామని సోమవారమే పెట్టాను. ఈమ్ మ్యూజియానికి సోమవారం సెలవని నేను చూసుకోలేదు. పైగా చాట్స్‌వర్త్ ప్యాలెస్, బేక్‌వెల్, ఈమ్ మూడూ ఒకే రోజులో ఇరికించాను. చివరికి ఈమ్‌కి మిగిలింది 40 నిమిషాలు. అమ్మానాన్నల్ని పంపినవాళ్లు నన్ను నమ్మి పంపారు. అందుకే ఒక్కొక్కరికి 20 పౌండ్లు వెనక్కి వేశాను. ఎవరికైనా అందకపోతే చెప్పండి.

ఒకరిద్దరు ఫోన్ చేసి, "పెద్దవాళ్లని ప్లేగుతో అంతమంది చచ్చిపోయిన ఊరికి ఎందుకండీ తీసుకెళ్లడం?" అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే.

1665లో లండన్‌లో ప్లేగు ఉన్నప్పుడు, అక్కడి నుంచి ఈ ఊళ్లో ఒక దర్జీకి బట్టల మూట వచ్చింది. తడిగా ఉందని అతని దగ్గర పనిచేసే జార్జ్ వికర్స్ మంట దగ్గర ఆరేశాడు. సెప్టెంబర్‌లో మొదట పోయింది అతనే. ఆ బట్టల్లోని ఫ్లీస్ అనే చిన్న పురుగుల వల్లే జబ్బు వచ్చిందంటారు. మరుసటి ఏడాది జూన్‌లో చర్చి ఫాదర్ విలియం మాంపెసన్, అంతకుముందు అక్కడే ఫాదర్‌గా చేసిన థామస్ స్టాన్లీ కలిసి ఊరివాళ్లని ఒప్పించారు: మన పొలిమేర దాటి ఎవరం వెళ్లొద్దు, జబ్బు పక్క ఊళ్లకి పాకనివ్వొద్దు అని. వాళ్లు ఉండిపోయారు. 14 నెలల్లో సుమారు 260 మంది పోయారు. మాంపెసన్ గారు పిల్లలిద్దర్నీ ముందే యార్క్‌షైర్ పంపించేశారు. ఆయన భార్య కేథరిన్ మాత్రం భర్తతోనే ఉండి, 1666 ఆగస్టులో కన్నుమూశారు. ఆవిడ సమాధి చర్చి ఆవరణలోనే ఉంది.

పొలిమేర అంటే ఏంటో మన పెద్దవాళ్లకి ఎవరూ వివరించక్కర్లేదు. గత్తర వస్తే ఊరంతా పొలిమేర దగ్గర అమ్మవారికి మొక్కుకున్న సంగతులు వాళ్లు తాతల నోట విన్నారు. ఈమ్‌కీ, స్టోనీ మిడిల్టన్ ఊరికీ మధ్య పొలాల్లో ఒక రాయి ఉంది. దానికి ఆరు గుంటలు. నాణేల ద్వారా జబ్బు అంటకూడదని ఈమ్ వాళ్లు అందులో వెనిగర్ పోసి నాణేలు వేసేవాళ్లు. బయటివాళ్లు ఆ డబ్బు తీసుకుని సరుకులు పెట్టి వెళ్లేవాళ్లు. ఆ ట్రిప్‌లో ఒక పెద్దాయన ఆ గుంటలో వేలు పెట్టి చూశారు. వెంటనే, "టైమైపోయింది, పదండి" అన్నాను. ఆయన మాట్లాడకుండా వచ్చి కూర్చున్నారు. ఆ రోజు నుంచి అదే గుర్తొస్తోంది.

అందుకే ఇకనుంచి ఈమ్ ట్రిప్ శనివారాలే, ఊళ్లోనే నాలుగు గంటలు. చర్చి, ప్లేగు ఇళ్లు పక్కపక్కనే ఉంటాయి. ఏ ఇంట్లో ఎవరెవరు ఏ తేదీన పోయారో ఇళ్ల ముందు బోర్డుల మీద రాసి ఉంటుంది. మ్యూజియం కూడా దగ్గరే. రైలీ సమాధులు మాత్రం ఊరి బయట, ఎత్తు మీద. ఎలిజబెత్ హాంకాక్ అనే ఆవిడ ఎనిమిది రోజుల్లో భర్తనీ, ఆరుగురు పిల్లల్నీ తన చేతులతోనే పాతిపెట్టిన చోటు అది. నడవగలిగినవాళ్లనే తీసుకెళ్తాను, మిగతావాళ్లతో మా ఆవిడ ఉంటుంది.

చాట్స్‌వర్త్ వేరే ట్రిప్. ఆ ప్యాలెస్‌కి ఒక పూట చాలదు. బేక్‌వెల్‌లో తిరుగు ప్రయాణంలో టీకి ఆగుతాం. అక్కడి పుడ్డింగ్‌లో గుడ్డు ఉంటుంది, తిననివాళ్లు గమనించండి. మధ్యాహ్నానికి పులిహోర, పెరుగన్నం మేమే తెస్తాం. వ్యాన్‌లో ఇకపై ఎనిమిది మందే. టికెట్ కాస్త పెరుగుతుంది, అది దాచను.

మోకాళ్ల నొప్పితో ఆ రోజంతా వ్యాన్‌లోనే ఉండిపోయిన అమ్మగారూ, మీరు నెలాఖరుకి విజయవాడ వెళ్లిపోతున్నారని మీ అబ్బాయి చెప్పారు. అంతకుముందే మొదటి శనివారం ట్రిప్ పెడుతున్నాను. ముందు సీటు మీదే, డబ్బులు వద్దు. చర్చి గేటు దగ్గరే దింపుతాను.